చెప్పేస్తే భారం దిగిపోతుందా?

అందరికీ నమస్కారం.

ఘోర ప్రమాదం నుంచి బయటపడ్డవాళ్లతో మనం సాధారణంగా అనే మాట ఒకటుంది: "లోపల దాచుకోకు, అంతా చెప్పేసెయ్, భారం దిగుతుంది." ప్రేమతోనే అంటాం. 1980ల నుంచి దీన్నే ఒక పద్ధతిగా మార్చి, డీబ్రీఫింగ్ అని పేరు పెట్టారు. సంఘటన జరిగిన కొద్ది రోజుల్లోనే బాధితులను కూర్చోబెట్టి, ఏం చూశారో, ఏమనిపించిందో పూసగుచ్చినట్టు చెప్పించేవారు. తర్వాత పరిశోధకులు పోల్చి చూస్తే, ఆ ఒక్క విడత మాటలతో పీటీఎస్‌డీ, అంటే ఘోర సంఘటన తర్వాత వదలకుండా వెంటాడే మానసిక సమస్య, ఆగడం లేదని తేలింది. కొన్ని అధ్యయనాల్లోనైతే డీబ్రీఫింగ్‌లో కూర్చున్నవాళ్లే ఎక్కువకాలం బాధపడ్డారు. మంచి ఉద్దేశం ఉంటే చాలదని చెప్పడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదనుకుంటాను.

దెబ్బతిన్నవాళ్లలో చాలామంది పెద్దగా కుంగిపోకుండా వాళ్లంతట వాళ్లే నిలదొక్కుకుంటారు. మనస్తత్వవేత్త జార్జ్ బొనానో 2004లో ఈ సంగతే గట్టిగా వాదించాడు. మరి కొందరు ఎందుకు అక్కడే ఆగిపోతారు?

నాకు బాగా నచ్చిన జవాబు మనస్తత్వవేత్తలు అంకే ఎలర్స్, డేవిడ్ క్లార్క్ 2000లో ఇచ్చింది. వాళ్ల లెక్కలో ఆ జ్ఞాపకం జరిగిపోయినదిగా కాక, ఇప్పుడే జరుగుతున్నట్టు మీదపడుతుంది. కారు ప్రమాదంలో ఇరుక్కున్న ఒకామెను ఊహించుకోండి. ఎక్కడో బ్రేకు కీచుమంటే చాలు, చేతులు బిగుసుకుపోతాయి. ఆ క్షణంలో ఆమె మనసులో ఉన్నది "నేను చచ్చిపోతున్నాను" అన్న ఒక్క ఆలోచనే. అది తప్పని ఆమెకు తెలుసు. కానీ తెలిసిన సంగతి ఆ జ్ఞాపకం దాకా చేరలేదు. ఆమేమో కారెక్కడం మానేస్తుంది, ఆ దారే తొక్కదు. దాంతో ఆ సంగతి జ్ఞాపకం దాకా చేరే అవకాశమూ పోతుంది. థెరపిస్టు ఆ భయంకర క్షణం దగ్గరికే ఆమెను తీసుకెళ్లి, సరిగ్గా అక్కడే "బతికి బయటపడ్డాను, ఇదిగో నా చెయ్యి, కదులుతోంది" అన్నది కలిపిస్తారు. వినడానికి చిన్న పనే. చేయడానికి వారాలు పడుతుంది.

అయితే దీనికి ముందు కావలసింది ఇంకొకటి ఉంది. మానసిక వైద్యురాలు జూడిత్ హెర్మన్ 1992లో కోలుకోవడాన్ని మూడు దశలుగా చెప్పింది: భద్రత, గుర్తుచేసుకుని దుఃఖించడం, మళ్లీ జనంలో కలవడం. మనవాళ్లు మొదటిది దాటేసి రెండోదాని మీద పడతారు. కొట్టే భర్తతో ఇంకా అదే ఇంట్లో ఉంటున్న ఆవిడను గతం తవ్వమంటే ఏం లాభం? ఆవిడకది గతమే కాదు.

కాబట్టి మొదటి రోజుల్లో ఏమీ తవ్వకండి. ఏం కావాలో అడగండి, అయినవాళ్లకు ఫోన్ కలపండి, నిద్రపోనివ్వండి. తానుగా మాట్లాడితే వినండి. నెల దాటినా పీడకలలు, ఉలికిపాటు తగ్గకపోతే అప్పుడు శిక్షణ ఉన్న థెరపిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. ఆలస్యమైపోయిందని మాత్రం ఆగకండి. ఏళ్లు గడిచాక వచ్చినవాళ్లకూ ఈ చికిత్స పనిచేస్తుంది.