పది మంది పోతారా, తొంభై మంది బతుకుతారా?

యాంకర్: డాక్టర్ గారూ, బ్రేక్‌లో చెప్పిన ఆ లంగ్ క్యాన్సర్ స్టడీ మళ్లీ చెప్పండి, నేనైతే షాకయ్యా.

డాక్టర్: 1982లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ అనే వైద్య పత్రికలో వచ్చిందండి, మెక్‌నీల్, పాకర్, సాక్స్, ట్వెర్‌స్కీ అని నలుగురు చేశారు. మీకు లంగ్ క్యాన్సర్ అనుకోండి, ఆపరేషనా రేడియేషనా అని అడిగారు. ఆపరేషన్‌లో నూటికి 90 మంది బతుకుతారు అని కొందరికి, 10 మంది పోతారు అని ఇంకొందరికి చెప్పారు, లెక్క ఒకటేగా, కానీ "పోతారు" అని విన్నవాళ్లలో రేడియేషన్ వైపు మొగ్గినోళ్లు బాగా ఎక్కువ.

యాంకర్: పేషెంట్లు కదా సార్, భయం ఉంటుంది.

డాక్టర్: అక్కడే మా పరువు పోయింది (నవ్వు). 424 మంది డాక్టర్లని కూడా అడిగారు, వాళ్లూ అంతే! అయిదేళ్ల తర్వాత ఆపరేషన్ వాళ్లలో నూటికి 34 మంది, రేడియేషన్ వాళ్లలో 22 మందే ఉంటారని కూడా చెప్పారు, అయినా మొదటి ఆ పదిమందే బుర్రలో కూర్చున్నారు.

మార్కెటింగ్ ప్రొఫెసర్: మాకిది కొత్తేం కాదు లెండి. 1988లో లెవిన్, గేత్ బీఫ్ కీమా మీద చేశారు, 25 శాతం కొవ్వు అంటే మొహం చిట్లించారు, అదే కీమాని 75 శాతం కొవ్వు లేనిది అంటే బావుంటుందన్నారు. కాకపోతే తిని చూశాక ఆ తేడా తగ్గింది.

యాంకర్: ఆపరేషన్‌ని రుచి చూడలేం కదా!

లింగ్విస్టిక్స్ మేడం: 2012లో చికాగో యూనివర్సిటీ కీసార్ వాళ్లు చేసింది ఇంకా తమాషాగా ఉంటుందండి. ఒక మందుతో 600 మందిలో 200 మందిని కాపాడొచ్చు అని కొందరికి, 400 మంది పోతారు అని ఇంకొందరికి చెప్పి ఆ మందు వాడదామా అనే టైపు ప్రశ్న, లెక్క ఒకటే అయినా సొంత భాషలో అడిగితే మాటని బట్టి జవాబు మారిపోయింది, తర్వాత నేర్చుకున్న భాషలో అడిగితే ఆ తేడా కనపడలేదు. పరాయి భాషలో మాట అంత సూటిగా తగలదని వాళ్ల వివరణ.

డాక్టర్: అయితే ఇకనుంచి ఇంగ్లీషులోనే చెప్పేస్తా.

మేడం: వద్దు బాబోయ్! ఆ స్టడీలో వాళ్లకి ఆ భాష చదివితే అర్థమవుతుంది, మన వార్డులో చావుని "మోర్టాలిటీ" అంటే తగలకపోవడం కాదు, అసలు అర్థమే కాదు.

డాక్టర్: నేను 10, 90 రెండూ చెప్తా మేడం, కాగితం మీద నూరు చుక్కలు పెట్టి పది కొట్టేసి మరీ చూపిస్తా. అంతా విని, చివర్లో "మీ నాన్నగారికైతే ఏం చేయిస్తారు సార్" అంటారు.

యాంకర్: మీరేమంటారు?

డాక్టర్: చెప్తా, ఏం చేస్తాం. చుక్కల కాగితం నా టేబుల్ మీదే వదిలేసి వెళ్లిపోతారు.