నాగ్‌పూర్ అందరికీ సమానం కాదు: పికప్ ట్రక్కుల ఆల్ ఇండియా మీట్ ప్లాన్ చేయడం ఎలా

[తెర మీద: ఇండియా మ్యాప్, నాగ్‌పూర్ మీద ఎర్ర చుక్క]

ఈ చుక్క చూశారా? పికప్ ట్రక్కుల వాళ్ళ ఏ గ్రూపులోనైనా "ఆల్ ఇండియా మీట్ పెడదాం" అనగానే ఎవరో ఒకరు మ్యాప్ తెరిచి ఈ చుక్క పెట్టేస్తారు. "నాగ్‌పూర్ సరిగ్గా మధ్యలో ఉంది, అందరికీ సమానం." అంతే, ప్లాన్ అయిపోయినట్టే. ఇక మిగిలింది స్టిక్కర్ డిజైన్. దాని మీద మాత్రం నెలల తరబడి చర్చ నడుస్తుంది.

నాగ్‌పూర్‌తో నాకు పేచీ లేదు. ఆ "సమానం" అన్న మాట వింటేనే ఒళ్ళు మండుతుంది. ముంబై నుంచి నాగ్‌పూర్‌కి సమృద్ధి ఎక్స్‌ప్రెస్‌వే 701 కిలోమీటర్లు. 2025 జూన్ నుంచి మొత్తం తెరిచి ఉంది. విశాఖ నుంచి రాయ్‌పూర్ మీదుగా వస్తే సుమారు 800. మ్యాప్‌లో తేడా వంద కిలోమీటర్లే. కానీ విశాఖ బండి సాలూరు ఘాట్ ఎక్కాలి, కోరాపుట్, జగదల్‌పూర్ దాటాలి, కేశ్‌కాల్ ఘాట్ దిగాలి. ముంబై వాళ్ళు నాగ్‌పూర్ చేరి స్నానం చేసి కూర్చునేసరికి వీళ్ళు ఇంకా బస్తర్‌లోనే లారీల వెనక ఉంటారు. సమానమట!

అసలు దేశం నాలుగు మూలల నుంచి జనాన్ని ఒకచోటికి రప్పించడం మనకు కొత్తా? ప్రతి పెళ్ళికీ చేసే పనే కదా. పెళ్ళిలో ముందు ముహూర్తం పెడతారు. మిగతా లెక్కంతా అక్కడి నుంచి వెనక్కి నడుస్తుంది. అమెరికా బాబాయ్ ఎప్పుడు దిగాలి, రాజమండ్రి అత్తయ్య ఏ రైలెక్కాలి, అన్నీ వెనక్కే. మన గ్రూపుల్లో మాత్రం "శుక్రవారం రాత్రి ఆఫీసు అవగానే బయల్దేరదాం" అని ముందు నుంచి మొదలుపెడతారు. బెంగళూరు నుంచి నాగ్‌పూర్ దాదాపు 1,070 కిలోమీటర్లు! శుక్రవారం రాత్రి బయల్దేరి శనివారం మీట్‌లో ఏం చేస్తారు, పడుకుంటారా?

కాబట్టి ముహూర్తం శనివారం మధ్యాహ్నం పన్నెండు అనుకోండి. పెళ్ళికొచ్చే మగపెళ్ళివారు తిన్నగా మండపంలోకి రారు, ముందు విడిదికి వస్తారు. మనకూ విడిది కావాలి. దక్షిణం నుంచి ఎన్‌హెచ్ 44 మీద వచ్చేవాళ్ళకి ఆదిలాబాద్, ఉత్తరం నుంచి వచ్చేవాళ్ళకి సివనీ, ముంబై, పుణె వాళ్ళకి వార్ధా. శుక్రవారం రాత్రికి అందరూ విడిదిలో ఉండాలి. అక్కడ పడుకుని, బండి కడుక్కుని, శనివారం పొద్దున్న మిగిలిన దూరం హాయిగా లాగించేయొచ్చు. ఎవరికైనా ఆలస్యమైతే ఆ నష్టం విడిదిలో కలిసిపోతుంది, ముహూర్తం కదలదు. బెంగళూరు వాళ్ళ లెక్క ఇప్పుడు చూడండి. గురువారం హైదరాబాద్ శివార్ల దాకా, శుక్రవారం ఆదిలాబాద్, శనివారం పొద్దున్న నాగ్‌పూర్. అంటే గురు, శుక్రవారాలు సెలవు పెట్టాలి. తిరుగు ప్రయాణానికి సోమవారం కూడా. ఇది వీకెండ్ మీట్ కాదని ముందే చెప్పేస్తే, రాలేనివాళ్ళు అప్పుడే చెప్తారు. అందరికీ మంచిది.

[తెర మీద: వరసగా 20 పికప్‌లు, పైనుంచి]

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన విషయం, కాన్వాయ్. డ్రోన్ షాట్ కోసం ఇరవై బండ్లు ఒకే వరసలో పోవాలంటారు. చిన్న లెక్క వేద్దాం. గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి సుమారు 22 మీటర్లు. బండికీ బండికీ మూడు సెకన్ల దూరం ఉంచితే 66 మీటర్లు. ఇరవై బండ్ల మధ్య 19 ఖాళీలు. దానికి ఒక్కో బండి పొడవు 5.3 మీటర్లు కలపండి. మొత్తం 1.3 కిలోమీటర్లు దాటుతుంది. ముందు బండి టోల్ దాటేసరికి చివరి బండికి టోల్ ప్లాజా కనబడను కూడా కనబడదు. మధ్యలో బస్సులు దూరతాయి, లారీలు దూరతాయి, వరస తెగుతుంది. వెనకవాడు అందుకోవాలని 120 తొక్కుతాడు. ప్రమాదం సరిగ్గా అక్కడే ఉంది.

ఇక డీజిల్. బంకులో రెండు నాజిల్స్ ఖాళీగా ఉన్నాయనుకోండి. టయోటా హైలక్స్ పికప్ ట్యాంకు 80 లీటర్లు. నింపి, డబ్బు కట్టి, అద్దం తుడిపించుకుని కదలడానికి బండికి ఐదు నిమిషాలు పడుతుంది. ఇరవై బండ్లకు యాభై నిమిషాలు. ఇంకా టీ తాగలేదు!

పెళ్ళిలో వెయ్యి మందికి ఒకేసారి విస్తరి వేస్తారా? బంతులుగా కూర్చోబెడతారు. ఇక్కడా అంతే. ఐదేసి బండ్లు ఒక బంతి. ఒక్కో బంతి పొడవు 300 మీటర్లు కూడా ఉండదు, అరగంట తేడాతో బయల్దేరుతుంది, ఒక్కోదానికి ఒక పెద్ద ఉంటాడు. ఆగడాలన్నీ కలుపుకుని నేను గంటకు 50 కిలోమీటర్ల సగటే వేస్తాను. మ్యాప్ చూపించే టైం ఒంటరిగా పోయే కారుది, దాన్ని నమ్మకండి. హైదరాబాద్ నుంచి 500 కిలోమీటర్లంటే పది గంటలు. చీకటి పడకముందే చేరాలంటే తెల్లవారుజామునే ఔటర్ రింగ్ రోడ్ దాటేయాలి. ఇక నాగ్‌పూర్ ఊరి బయట స్థానికులు రెండు బండ్లతో నిలబడి ఒక్కో బంతిని లోపలికి తీసుకెళ్ళాలి. అదే ఎదుర్కోలు. పానకం మీ ఇష్టం.

తేదీ సంగతి. దసరా సెలవులు కలిసొస్తాయని చాలామంది అవే అడుగుతారు. నాగ్‌పూర్‌లో దసరా అంటే దీక్షాభూమి. 1956లో అంబేద్కర్ బౌద్ధం స్వీకరించిన చోటు. ఆ రోజుల్లో లక్షల మంది వస్తారు, వాళ్ళు వచ్చే పని మన మీట్ కన్నా చాలా పెద్దది. తప్పుకోండి. డిసెంబర్‌లో మహారాష్ట్ర శాసనసభ శీతాకాల సమావేశాలు నాగ్‌పూర్‌లోనే పెడతారు, హోటళ్ళలో ఎమ్మెల్యేలు ఉంటారు. డిసెంబర్ చివర, జనవరిలో ఢిల్లీ, ఆగ్రా, గ్వాలియర్ వైపు పొగమంచు. మే నెల ఎండ గురించి చెప్పక్కర్లేదు. నన్నడిగితే ఫిబ్రవరి మంచిది.

ఇక చోటు. హోటల్ వాళ్ళు "పార్కింగ్ ఉంది సార్" అంటారు, నమ్మి అడ్వాన్స్ ఇవ్వకండి. మామూలు కార్ పార్కింగ్ గీత పొడవు ఐదు మీటర్లు. ఇసుజు వీ-క్రాస్ పికప్, హైలక్స్ రెండూ దాదాపు 5.3. ముక్కో తోకో బయట ఉంటుంది. పైన టెంట్ బిగించినవాళ్ళు సెల్లార్‌లోకి అసలు దూరలేరు. మనకు కావాల్సింది ఊరి బయట, పెద్ద ఖాళీ స్థలం, వంటశాల, బాత్రూములు, జనరేటర్. అంటే ఏంటి? ఫంక్షన్ హాలే! చిక్కేమిటంటే ఫిబ్రవరిలో నిజం పెళ్ళిళ్ళు కూడా ఉంటాయి. పంచాంగం చూసి, ముహూర్తాలు లేని శనివారం వెతకండి. నేను జోక్ చేయట్లేదు, అద్దె కూడా తగ్గుతుంది.

(మన దగ్గరి వాళ్ళే కలవాలనుకుంటే నాగ్‌పూర్ దాకా ఎందుకు? ఇసుజు బండ్లు తయారయ్యేది మన శ్రీసిటీలోనే, ఫ్యాక్టరీ 2016లో మొదలైంది. చెన్నై, బెంగళూరు, నెల్లూరు, తిరుపతి వాళ్ళు అటువైపు పెట్టుకుంటే పోయేదానికి దేశం మధ్య చుక్క ఎందుకో నాకర్థం కాదు.)

వీడియో పొడవైపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా. ఎల్లో బోర్డ్ బండి తెచ్చేవాళ్ళు పర్మిట్, ఫిట్‌నెస్ ముందే చూసుకోండి, వాళ్ళ వేగ పరిమితి 80, ఆ బంతి వేగం అదే. వెనక ట్రేలో మనుషుల్ని ఎక్కించొద్దు, రీల్ కోసం కూడా. బుల్ బార్ నిషేధం 2017 డిసెంబర్ నుంచి ఉంది, రాష్ట్రం దాటగానే ఎవరైనా ఆపితే వాదించకండి. వాకీటాకీ కొంటే మన దేశంలో అనుమతి ఉన్న మోడల్ కొనండి, దొరికిందల్లా కొనొద్దు. సివనీ, నాగ్‌పూర్ మధ్య పెంచ్ అడవిలో కింద జంతువులు తిరగడానికని రోడ్డుని పైకి లేపారు. ఆ వంతెనల మీద ఫోటోలకి ఆగకండి. ప్రతి బంతిలో చివరి బండికి టో స్ట్రాప్, కంప్రెసర్, పంక్చర్ కిట్. భోజనాల లెక్క బుధవారం రాత్రికి ఇచ్చేయాలి, ఆ తర్వాత "మేమూ వస్తున్నాం" అన్నవాళ్ళకి టీ మాత్రమే.

ఇక అప్పగింతలు. ఆదివారం మధ్యాహ్నం గ్రూప్ ఫోటో అంటారు, దానికోసం ఢిల్లీ వాళ్ళని నిలబెడతారు. వద్దు. ఫోటో శనివారం సాయంత్రమే తీసేయండి. ఆదివారం టిఫిన్ అవగానే మొదట విశాఖ బంతి కదలాలి, తర్వాత ఢిల్లీ, బెంగళూరు, చెన్నై. హైదరాబాద్ వాళ్ళు ఆఖర్న పోవచ్చు, హాలు తాళాలు వాళ్ళకే ఇవ్వండి.