సీసాకి మూడున్నర పెగ్గులు ఎటు పోతున్నాయి?

అందరికీ నమస్కారం. ఈ టేబుల్ మీద సీసాల్లో ఉన్నది నీళ్లే, ముందు వరసలో కూర్చున్నవాళ్లు ఆశ పెట్టుకోవద్దు. వాటితో పని చివర్లో పడుతుంది.

నేను చాలా ఏళ్లుగా బార్లలో స్టాక్ లెక్కలు చూస్తున్నాను. ఏ ఓనరు పిలిచినా మొదటి మాట ఒకటే: "మా వాళ్లలో ఎవడో దొంగ ఉన్నాడు, వాణ్ణి పట్టివ్వండి." ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని పైనుంచి సామెత కూడా. దొంగలు ఉండరని నేననను. ఉంటారు, వాళ్ల సంగతికీ వస్తాను. కానీ నేను చూసిన బార్లలో చాలాచోట్ల స్టాక్ తరుగుకి పెద్ద కారణం దొంగ కాదు, కస్టమర్లందరూ ఇష్టపడే బార్‌టెండర్. ధార ఆపడంలో ఒక్క క్షణం ఆలస్యం చేసేవాడు.

లెక్క చూడండి. 750 మిల్లీలీటర్ల సీసా, పెగ్గు 30. మొత్తం 25 పెగ్గులు రావాలి. చెయ్యి కాస్త ధారాళమై 35 పోసిందనుకోండి, 21 పెగ్గులు వచ్చి ఇరవై రెండోది సగంలో ఆగిపోతుంది. సీసాకి మూడున్నర పెగ్గులు గాల్లో. నెలకు 100 సీసాలు ఖర్చయ్యే చోట ఇది 14 నిండు సీసాల పైమాటే. స్టోర్ రూమ్ నుంచి ఒకేసారి 14 సీసాలు మాయమైతే ఎంత గొడవ చేస్తాం? గ్లాసుల్లోంచి పోయేసరికి మాత్రం ఈ నెల బిజినెస్ డల్ అనుకుని ఊరుకుంటాం.

ఆ 5 మిల్లీలీటర్లు కంటికి ఎంత కనిపిస్తాయి? 8 సెంటీమీటర్ల వెడల్పున్న పొట్టి గ్లాసు తీసుకోండి. అందులో 30 మిల్లీలీటర్లు పోస్తే అడుగున 6 మిల్లీమీటర్ల ఎత్తు వస్తుంది, 35 పోస్తే 7. తేడా ఒక్క మిల్లీమీటరు. పైన ఐస్ ముక్కలు, మసక లైటు, ఎదురుగా నలుగురు "అన్నా, మాది" అంటూ చేతులు ఊపుతుంటారు. ఎవరి కన్ను పట్టుకుంటుంది చెప్పండి? పైగా మన కన్ను ఎత్తునే చూస్తుంది, వెడల్పును పెద్దగా పట్టించుకోదు. అందుకే సన్నటి పొడుగు గ్లాసులో చెయ్యి ముందే ఆగుతుంది, వెడల్పు గ్లాసులో ఇంకాస్త జారుతుంది.

"నేను కౌంట్ మీద పోస్తాను సార్, నాకు కొలత అక్కర్లేదు" అనేవాళ్లు ప్రతి బార్‌లోనూ ఒకరుంటారు. అది నిజంగా విద్యే, నాకు గౌరవం ఉంది. కాకపోతే ఆ కౌంట్ కొలిచేది సమయాన్ని, మందును కాదు. తియ్యటి లిక్కర్ సీసా మూతికి పెట్టిన పోరర్‌లో, అంటే ధార సన్నగా పడటానికి బిగించే గొట్టంలో, చక్కెర గడ్డకట్టి గాలి రంధ్రం సగం మూసుకుపోతే, అదే "ఒకటి, రెండు, మూడు"కి తక్కువ పడుతుంది. వేరే కంపెనీ పోరర్ పెడితే ఎక్కువ పడుతుంది. సీసా వంచిన కోణం మారినా తేడానే. ఒకసారి ఇలాంటి సీనియర్ ఒకాయన ఉదయం ఖాళీ బార్‌లో వరసగా నాలుగు గ్లాసులు 30కి అటూ ఇటూ ఒకటి తేడాతో పోసి, నా వైపు గర్వంగా చూశాడు. అదే మనిషికి రాత్రి రద్దీ మధ్యలో నీళ్ల సీసా ఇచ్చి మళ్లీ పొయ్యమన్నాను. 38 పడింది. ఆయన మోసం చేయలేదు, టెన్షన్‌లో ఉన్నాడంతే.

కాబట్టి జిగ్గర్, అంటే పెగ్గు కొలిచే చిన్న కప్పు, వాడించండి. అయితే దాంతోనే పని అయిపోయిందనుకోవద్దు. కిందికి సన్నబడే జిగ్గర్‌లో అసలు పరిమాణమంతా పైభాగంలో ఉంటుంది. మొన తేలిన శంకువు ఆకారమైతే ఎత్తులో ఐదింట నాలుగు వంతులు నింపినా లోపలికి వెళ్లేది సుమారు సగమే. అంచుకు కొంచెం ముందు ఆపితే కస్టమర్‌కు అన్యాయం, జిగ్గర్ నింపాక "ఇంకో చుక్క" అని సీసా పైకెత్తకుండా నేరుగా గ్లాసులోకి ఒంపితే మీకు నష్టం. ఆ రెండో అలవాటు చూడటానికి ముచ్చటగా ఉంటుంది, టిప్పు కూడా తెస్తుంది. తాగేవాడికి కూడా అది మేలేం కాదు. నాలుగు పెగ్గులే తాగానని లెక్క వేసుకుంటాడు, ఒక్కోటి 45 పడితే అవి ఆరు పెగ్గులు.

ఇక చేతివాటం సంగతి. గల్లాపెట్టె మీద మోజు మన వ్యాపారానికి పాతదే. క్యాష్ రిజిస్టర్‌ను కనిపెట్టిందే ఒక బార్ ఓనరు, అమెరికాలో డేటన్ ఊళ్లో జేమ్స్ రిట్టీ. పనివాళ్లు డబ్బు జేబులో వేసుకుంటున్నారని విసిగిపోయి 1879లో దానికి పేటెంట్ తీసుకున్నాడు. ఓడ ప్రొపెల్లర్ ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టే యంత్రాన్ని చూసి ఆయనకు ఆ ఆలోచన వచ్చిందట. మంచిదే, కానీ ఆ పెట్టెకు తెలిసేది బిల్లు కొట్టిన పెగ్గు మాత్రమే. కొట్టనిది దానికెలా తెలుస్తుంది? సీసాని కూడా లెక్కపెడితేనే తెలుస్తుంది.

ఆ లెక్క కష్టమేం కాదు. మొదట ఉన్న స్టాకు, దానికి కొన్నది కలిపి, చివర మిగిలింది తీసేస్తే వాడింది వస్తుంది. బిల్లుల ప్రకారం ఎంత పోయాలో దాంతో పోల్చాలి. నెలకోసారి చేస్తే ఉపయోగం లేదు, అప్పటికి ఎవరికీ ఏదీ గుర్తుండదు. వారానికోసారి, అదే రోజు, తలుపులు తెరవకముందు, ఇద్దరు కలిసి చెయ్యాలి. సీసాలన్నీ కుదరకపోతే ఎక్కువ కదిలే పది రకాలతో మొదలుపెట్టండి. సగం సీసాని కంటితో "పదింట ఆరు వంతులు, ఏడు వంతులు" అనడం కాకిలెక్క, తూకం వెయ్యండి. 40 శాతం ఆల్కహాల్ ఉన్న మందు 30 మిల్లీలీటర్లు సుమారు 28 గ్రాముల పైచిలుకు తూగుతుంది, కాబట్టి గ్రాముల తూకం చూపే చిన్న మెషీన్‌తో అర పెగ్గు తేడా కూడా దొరుకుతుంది. ఖాళీ సీసా బరువు మాత్రం బ్రాండు బ్రాండుకూ రాసి పెట్టుకోవాలి. నీళ్లు కలిపితే తూకం పెద్దగా సాయపడదు, సీసాలో పదో వంతు మందు తీసి అంతే నీళ్లు పోసినా బరువు పెరిగేది నాలుగు గ్రాములే. చక్కెర లేని మందైతే దానికి ఆల్కహాల్ శాతం చూపే హైడ్రోమీటర్ ఉంది.

తేడా సున్నా వస్తే ఓనర్లు స్వీట్లు పంచుతారు. నాకు అక్కడే అనుమానం మొదలవుతుంది. ప్రతి పెగ్గులో 5 మిల్లీలీటర్లు తగ్గించి పోస్తే ఆరు పెగ్గులకు ఒక పెగ్గు మిగులుతుంది, దాన్ని బిల్లు లేకుండా అమ్ముకుంటే స్టాకు లెక్క అణువంత కూడా చెదరదు. స్టాకు ఉండాల్సినదానికంటే ఎక్కువ తేలితే మరీ జాగ్రత్త, బయటి సీసా లోపలికి వస్తోందేమో చూడండి. కెమెరాకి చెయ్యి కనిపిస్తుంది, ఆ 5 మిల్లీలీటర్లు కనిపించవు. రాత్రి మధ్యలో చెప్పకుండా ఒక గ్లాసు తీసుకుని కొలిచి చూడటం ఎంతో నయం.

మరొక్కటి. పగిలినవి, ఒలికినవి, ఫ్రీగా ఇచ్చినవి రాయడానికి కౌంటర్ దగ్గర ఒక పుస్తకం పెట్టండి, అందులో రాసినందుకు జీతం కోయకండి. కోసిన మర్నాటి నుంచి ఏ సీసా పగలదు, ఏ గ్లాసు ఒలకదు. పుస్తకం తెల్లగా ఉంటుంది, స్టాకు మాత్రం తగ్గుతూనే ఉంటుంది. ఓనరు స్నేహితులకు పోసిన పెగ్గులు కూడా అందులో ఎక్కాలి. తరుగులో మీ పేరు ఎంతుందో అప్పుడు తెలుస్తుంది.

సరే, సీసాల దగ్గరికి వద్దాం. ఇక్కడ ఐదు గ్లాసులున్నాయి, ఐదు ఆకారాల్లో. ఒక్కొక్కరూ వచ్చి ప్రతి గ్లాసులోనూ కంటి అంచనాతో 30 పొయ్యండి, కొలగొట్టంతో నేను కొలుస్తాను. బార్‌టెండర్లు తర్వాత, ముందు ఓనర్లు రండి.