ఈ క్యాసెట్ ప్లేయర్లో యూఎస్‌బీ వదిలేయండి, కన్నం చూడండి

నమస్తే అండీ, బరంపురం నుంచి. ఇది అమ్మేవాళ్ళే ఫ్రీగా పంపారు, డబ్బులైతే ఇవ్వలేదు. స్పెసిఫికేషన్లు మీరు ఈపాటికి చూసే ఉంటారు, క్యాసెట్ పెట్టి వైరు కంప్యూటర్‌కి తగిలిస్తే ఎంపీత్రీ అయిపోతుందట. ఆ సంగతి తర్వాత. ముందు ఇక్కడ చూడండి, మూత మీద ఈ స్టిక్కర్‌ని గోరుతో లేపితే... ఇదిగో, చిన్న కన్నం! మాన్యువల్లో దీని గురించి ఒక్క ముక్క లేదు. నాకైతే ప్రాణం లేచొచ్చింది.

ఎందుకంటారా? అందులోంచి సన్న స్క్రూడ్రైవర్ పెడితే టేపు మీది పాటని చదివే హెడ్ పక్కనున్న స్క్రూ అందుతుంది. అజిమత్ అంటారు, అంటే టేపు మీద హెడ్ ఎంత నిటారుగా నిలబడిందీ అని. క్యాసెట్లో టేపు సెకనుకి 4.76 సెంటీమీటర్లే నడుస్తుంది, కాబట్టి 10,000 హెర్ట్జ్ శబ్దంలో ఒక్కో అల టేపు మీద 5 మైక్రాన్లు కూడా ఉండదు. హెడ్ వెంట్రుకవాసి వాలినా డ్రమ్స్ పక్కన మోగే తాళాలు, గిటార్ పదును అన్నీ పోయి, దుప్పటి ముసుగేసుకుని వాయించినట్టు ఉంటుంది.

కంపెనీ క్యాసెట్లకి ఈ బాధ తక్కువే, కానీ మనం వెతికేవి అవి కాదు కదా, పాత రాక్ బ్యాండ్ల సొంత క్యాసెట్లు. ముంబైలో ఇండిపెండెన్స్ రాక్ అనే సంగీతోత్సవం 1986లో మొదలైంది, అలహాబాద్ నుంచి రాక్ స్ట్రీట్ జర్నల్ పత్రిక 1993లో వచ్చింది, వాటిలో కనపడ్డ బ్యాండ్ల పాటలు ఎక్కడో ఒకచోట దొరుకుతాయి. మన వైపు కాలేజీ బ్యాండ్లవి? ఎవరింట్లోనో రెండు క్యాసెట్లు పట్టే డబుల్ డెక్ మీద కాపీలు తీసి స్నేహితులకి పంచినవే, అంతే.

ఇదిగో ఇలాంటివి. బడాబజార్ వైపు పాత సామాన్ల కొట్లో దొరికింది. జిరాక్స్ కవరు, బాల్‌పెన్నుతో పాటల పేర్లు, ఐదు ఇంగ్లీషు, ఒకటి తెలుగు, బ్యాండ్ పేరు సగం చెదలు తినేశాయి. రికార్డు చేసిన డెక్‌లో హెడ్ ఎటు వాలి ఉందో మనదీ అటే వాల్చాలి. మోనోలో పెట్టాను, వినండి. పావు తిప్పు కూడా అక్కర్లేదు, మెల్లగా... ఇంకొంచెం... అదీ! హై-హ్యాట్, అదే డ్రమ్స్‌లో జంట తాళం, వచ్చిందా? ఇందాక అక్కడ అదొకటి ఉందనే తెలీలేదు. క్యాసెట్ మార్చినప్పుడల్లా మళ్ళీ తిప్పుకోవాలి, ఓపిక లేనివాళ్ళు దీని జోలికి రాకండి.

నా పాత ప్లేయర్‌కి ఈ కన్నం లేదు, పైగా సౌండ్ దానంతటదే పెంచుతుంది, తగ్గిస్తుంది. గిటార్ ఒక్కటే మెల్లగా మొదలైతే బుస్సుమని హిస్ లేస్తుంది, డ్రమ్స్ పడగానే పాట మొత్తం కుంగిపోతుంది. రాక్ పాటకి అంతకన్నా అన్యాయం ఉందా?

ఇక యూఎస్‌బీ. దండం పెడతా, వాడకండి. పాట వెనకాల సన్నగా కీచుమంటూనే ఉంది. హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి ఆడియో ఇంటర్‌ఫేస్‌కి వైరు లాగి, ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 24 బిట్‌లో రికార్డు చేసి, నాణ్యత తగ్గని ఫ్లాక్ ఫైలుగా దాచుకోండి. ఎంపీత్రీ ఫోన్లో వినడానికి తర్వాత చేసుకోవచ్చు. హిస్ తగ్గించే డాల్బీ లేదు, కొత్తవాటిలో దాదాపు రాదు కూడా. లోపల టేపు నడిపే మెకానిజం దాదాపు అందరూ పెట్టే తనాషిన్ అనే జపాన్ కంపెనీదానికి కాపీయే, శ్రుతి కాస్త ఊగుతుంది. పంపినవాళ్ళకి కోపమొస్తే రానీయండి, అట్ట మీద ఇంత పెద్ద అక్షరాలతో వేసుకున్న యూఎస్‌బీ దండగ, స్టిక్కర్ కింద దాచిన కన్నం కోసం మాత్రం నేను డబ్బులు పెట్టి కొంటాను.

ఒక్క జాగ్రత్త. మనకి గోపాల్‌పూర్ సముద్రం గాలి, తేమ, తెల్ల బూజు. 2013లో ఫైలిన్ వచ్చినప్పుడు తడిసి అటక ఎక్కిన పెట్టెలు ఇప్పటికీ చాలా ఇళ్ళల్లో ఉన్నాయి. అలాంటి క్యాసెట్‌ని తిన్నగా ప్లేయర్లో పెట్టకండి, బూజు హెడ్‌కి అంటుకుని తర్వాత పెట్టే క్యాసెట్లకీ పాకుతుంది. పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు ఎవరి దగ్గరైనా కాలేజీ రోజుల బ్యాండ్ క్యాసెట్ ఉంటే, బూజు పట్టినా సరే, పారేయకుండా నాకు చెప్పండి.