సీటు ఇస్తే సరిపోదు, టైమ్ కూడా ఇవ్వాలి
(అమెరికాలో నార్త్ కరోలినా షార్లెట్‌లో తెలుగు కుటుంబాల కలయికలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారమండి. పెద్దలకి, పిల్లలకి, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి కూడా.

ఊరికే పరిచయాలతో టైమ్ తీసుకోకుండా డైరెక్ట్‌గా విషయానికి వస్తాను. కానర్ జిలిష్ అని ఒక కుర్రాడు ఉన్నాడు, 2006 జులైలో పుట్టాడు, మన షార్లెట్ పిల్లాడే. అమెరికాలో స్టాక్ కార్ రేసులు నడిపే సంస్థ నాస్కార్, 2024 సెప్టెంబర్‌లో వాట్కిన్స్ గ్లెన్ ట్రాక్‌లో దాని రెండో స్థాయి సిరీస్‌లో మొట్టమొదటి రేసుకి దిగి ఆ రేసే గెలిచేశాడు. 2025లో అదే సిరీస్‌లో ఏకంగా 10 రేసులు గెలిచాడు, వరసగా 18 రేసుల్లో టాప్ ఫైవ్‌లో ఉన్నాడు, అది ఆ సిరీస్ రికార్డు. మధ్యలో టల్లడేగాలో నడుము దెబ్బతిని ఒక రేసు వదులుకున్నాడు, ఆగస్టులో మళ్ళీ అదే వాట్కిన్స్ గ్లెన్‌లో గెలిచి సంబరంగా కారు మీదికి ఎక్కబోయి కాలు జారి కింద పడి కాలర్ బోన్ విరగ్గొట్టుకున్నాడు. ఆ తర్వాతి రేసు డేటోనాలో. అక్కడ రూల్ ఏంటంటే స్టార్ట్ ఎవరు చేస్తే పాయింట్లు వాళ్ళవి, అందుకని ఆ విరిగిన ఎముకతోనే కార్లో కూర్చుని స్టార్ట్ చేసి, కాసేపటికి పార్కర్ క్లిగర్మన్‌కి కారు అప్పజెప్పాడు, క్లిగర్మన్ గెలిచాడు, గెలుపు మాత్రం జిలిష్ ఖాతాలో పడింది.

ఇంతా చేస్తే చాంపియన్‌షిప్ రాలేదు! నవంబర్‌లో ఫీనిక్స్‌లో ఒకే ఒక్క రేసుతో టైటిల్ తేల్చే పద్ధతి అప్పుడు, ఆ రోజు జెస్సీ లవ్ అనే ఇంకో 20 ఏళ్ల కుర్రాడు గెలిచాడు. లవ్‌కి ఆ ఏడాది మొత్తం మీద రెండే గెలుపులు, సీజన్ మొదటి రేసు, చివరి రేసు. అలాగని లవ్‌ని తక్కువ చెయ్యటం నా ఉద్దేశం కాదు, రూల్ అందరికీ ఒకటే, అతను ఆ రోజు అందరికన్నా బాగా నడిపాడు. కానీ ఏడాదంతా పడ్డ కష్టం ఒక్క సాయంత్రంలో తేలిపోవటం నాకు మాత్రం మింగుడుపడలేదు. 2026 నుంచి ఆ పద్ధతి తీసేసి చివర్లో చాలా రేసుల పాయింట్లు కలిపి తేల్చే ఛేజ్ పద్ధతి మళ్ళీ తెచ్చారు, మంచి పని చేశారు. అదే ఫీనిక్స్ వీకెండ్‌లో మూడో స్థాయి అయిన పికప్ ట్రక్కుల సిరీస్‌లో కోరీ హైమ్ అని 23 ఏళ్ల జార్జియా కుర్రాడు 25 రేసుల్లో పన్నెండోది గెలిచి టైటిల్ కూడా తీసుకెళ్లాడు.

ఇలాంటి పిల్లలు ఇప్పుడు గుంపుగా వస్తున్నారు. వీళ్ళ గురించి నేను చెప్పాలనుకున్నది ఒకటే. చిన్న వయసులో పెద్ద కారు సీటు దొరకటం గురించి అందరం గొప్పగా మాట్లాడుకుంటాం, ఆ సీట్లో కూర్చుని తప్పులు చెయ్యటానికి ఎంత టైమ్ ఇచ్చారు అన్నది ఎవరూ అడగరు. అసలు కథంతా అక్కడే ఉంది.

మనం ఉన్న ఊరు చూడండి. పెద్ద రేసు టీమ్‌లు ఇక్కడే ఉన్నాయి, హెండ్రిక్ కాంకర్డ్‌లో, జో గిబ్స్ టీమ్ హంటర్స్‌విల్‌లో, పెన్స్కీ మూర్స్‌విల్‌లో. మనలో సగం మంది బ్యాంకులకి, ఐటీ ఆఫీసులకి వెళ్తూ రోజూ ఆ గేట్ల ముందు నుంచే పోతాం, అయినా మనకి ఆ లోకంతో సంబంధం లేనట్టే ఉంటాం. ఇండియాలో మన చుట్టాలకి రేసు అంటే 2023లో హుస్సేన్ సాగర్ పక్కన జరిగిన కరెంటు కార్ల ఫార్ములా ఈ గుర్తొస్తుంది, అది వేరే జాతి కారు. స్టాక్ కార్ అంటే 1949లో మొదటి రేసు పెట్టినప్పుడు షోరూమ్ నుంచి తెచ్చిన మామూలు కారే, ఇప్పుడు ఆకారం తప్ప ఏమీ మిగల్లేదనుకోండి.

వయసు గొడవ ఈ ఆటలో పాతదే. జెఫ్ గోర్డన్ కాలిఫోర్నియా పిల్లాడు, ఐదారేళ్ళకే చిన్న కార్లు నడిపాడు, పెద్ద స్ప్రింట్ కార్లు నడపటానికి అక్కడ వయసు చాలదంటే ఇంట్లోవాళ్ళు కాపురమే ఇండియానాకి మార్చేశారు. 24 ఏళ్లకి 1995లో నాస్కార్‌లో అన్నిటికన్నా పై సిరీస్ అయిన కప్‌లో చాంపియన్ అయ్యాడు. ఆ తర్వాత టీమ్ ఓనర్లందరూ ఇంకో గోర్డన్ కోసం హైస్కూలు పిల్లల వెంట పడ్డారు. 2001లో కైల్ బుష్‌కి 16 ఏళ్లు, ఫోంటానాలో ట్రక్ రేసుకి వచ్చాడు, ఆ వీకెండ్ సిగరెట్ కంపెనీ స్పాన్సర్‌షిప్ ఉంది, 18 నిండని వాళ్ళు ఉండకూడదని వెనక్కి పంపేశారు, దాంతో నాస్కార్ 18 ఏళ్ల రూల్ పెట్టేసింది. తర్వాత 2013లో చిన్న ట్రాకులకి, మెలికలు తిరిగే రోడ్ కోర్సులకి ట్రక్ సిరీస్‌లో 16కి దించారు, ఆ ఏడాదే చేస్ ఎలియట్ 17 ఏళ్లకి కెనడాలో రేసు గెలిచాడు.

ఈ పిల్లలు ఎక్కడ తయారవుతారో చూడాలంటే ఎక్కడికో వెళ్లక్కర్లేదు, ఎండాకాలం సాయంత్రం షార్లెట్ మోటార్ స్పీడ్‌వేకి వెళ్ళండి. పెద్ద ట్రాక్ ముందు భాగంలో పావు మైలు ఓవల్ ఉంటుంది, అక్కడ లెజెండ్స్ కార్లు తిరుగుతాయి. 1930ల, 40ల కూపేలాంటి బాడీ, అసలు సైజులో 5/8 వంతు, లోపల యమహా బైక్ ఇంజిన్. దానికన్నా చిన్నవి బాండొలేరోలు, ఎనిమిదేళ్ల పిల్లలు నడుపుతారు. నేను ఒకసారి కార్లు సరిచేసుకునే పిట్స్‌లో నిలబడి ఒక తండ్రీకొడుకుల మాటలు విన్నాను. పిల్లాడికి పన్నెండేళ్లు ఉంటాయేమో, హెల్మెట్ తీశాడు, జుట్టంతా చెమటకి అతుక్కుపోయి ఉంది, తండ్రి మోకాళ్ళ మీద కూర్చుని టైర్లలో గాలి కొలుస్తున్నాడు. "ఎలా ఉంది?" అంటే వాడు బాగుందనో బాలేదనో అనలేదు. మూడో టర్న్ మధ్యలో ముందు టైర్లు తిరగట్లేదు, గ్యాస్ పెడల్ తొక్కగానే వెనక జారిపోతోంది అన్నాడు. తండ్రి ఒకటే అడిగాడు, గ్యాస్ ఎక్కడ ఇస్తున్నావు, కారు తిరిగాకా, తిరగకముందా? వాడు కాస్త ఆలోచించి, ముందే ఇస్తున్నానేమో అన్నాడు. తండ్రి గేజ్ పక్కన పెట్టేసి, కారుకి ఏమీ చెయ్యకుండానే, ఈసారి ఆగి గ్యాస్ ఇచ్చి చూడు అన్నాడు.

నాకు ఇంతకన్నా పెద్ద డ్రైవింగ్ పాఠం ఎక్కడా కనపడలేదు. ఇదే పని కప్‌లో కారు బాధ్యత చూసే క్రూ చీఫ్ చేస్తాడు, డ్రైవర్ చెప్పే ఆ రెండు ముక్కల మీదే కారు మార్పులన్నీ ఆధారపడతాయి. కారు ముందు జారుతోందా వెనక జారుతోందా, ఎక్కడ, తన వల్లా కారు వల్లా, ఇది నోటితో చెప్పగలిగిన పిల్లాడే పైకి వస్తాడు.

ఇంకో దారి సిమ్యులేటర్. విలియం బైరన్, ఇతనూ షార్లెట్ వాడే, చిన్నప్పుడు ఇంట్లో కంప్యూటర్‌లో ఐరేసింగ్ అనే సిమ్యులేటర్ మీద వందల రేసులు ఆడాడు, నిజం రేస్ కారు ఎక్కేసరికి హైస్కూలు వయసు వచ్చేసింది, ఈ ఆటలో అది చాలా లేటు. 2016లో ట్రక్కుల్లో 7 రేసులు గెలిచాడు, 2017లో రెండో సిరీస్ టైటిల్, 2024లో ఒకటి, 2025లో ఇంకొకటి, వరసగా రెండుసార్లు కప్‌లో అన్నిటికన్నా పెద్ద రేసు డేటోనా 500 గెలిచాడు. రాజా కరూత్ కూడా అంతే, 2002లో పుట్టాడు, సిమ్ రేసింగ్ నుంచి, అన్ని వర్గాల పిల్లలకీ అవకాశమిచ్చే నాస్కార్ డ్రైవ్ ఫర్ డైవర్సిటీ కార్యక్రమంలోకి వచ్చాడు, 2024 మార్చిలో లాస్ వేగస్‌లో ట్రక్ రేసు గెలిచాడు. నాస్కార్ పెద్ద సిరీస్‌లలో గెలిచిన మూడో నల్లజాతి డ్రైవర్ అతను, మొదటివాడు వెండెల్ స్కాట్, 1963లో జాక్సన్‌విల్‌లో గెలిస్తే ఆ రోజు ట్రోఫీ వేరేవాడి చేతిలో పెట్టారు. కరూత్ రేసులు చేస్తూనే విన్‌స్టన్ సేలమ్ స్టేట్ యూనివర్సిటీలో డిగ్రీ చదివాడు, ఇది ఇక్కడున్న తల్లిదండ్రులకి ప్రత్యేకంగా చెప్తున్నాను.

సిమ్ చవక, నిజమే. కానీ సిమ్‌లో కాక్‌పిట్ వేడి ఉండదు, 50 డిగ్రీలు దాటే వేడిలో మూడు నాలుగు గంటలు కూర్చోవటం ఉండదు, గోడ నిజంగా తగలదు. ఇక అక్కడ్నుంచి పైకెక్కాలంటే డబ్బు కావాలి, లెజెండ్స్ తర్వాత లేట్ మోడల్, ఆర్కా, ట్రక్కులు, ఒక్కో మెట్టుకీ ఖర్చు పెరుగుతుంది. స్పాన్సర్‌ని తెచ్చే పిల్లాడికి ముందు సీటు దొరుకుతుంది, ఇది బహిరంగ రహస్యం. కప్‌లో చార్టర్, అంటే ప్రతి రేసులోనూ చోటు ఖాయం అన్న హామీ, ఉన్న కార్లు 36. డెన్నీ హామ్లిన్ లాంటి వాళ్ళు 2025లో 44 ఏళ్లకి కూడా రేసులు గెలిచారు, గెలిచేవాణ్ణి ఎవరు దించుతారు?

ప్రాణభయం మాట కూడా దాచకుండా చెప్తాను, పిల్లల ముందే. ఆడమ్ పెట్టీ, లీ పెట్టీ ముని మనవడు, 200 రేసులు గెలిచిన రిచర్డ్ పెట్టీ మనవడు, కైల్ పెట్టీ కొడుకు, నాలుగు తరాల వారసుడు. 2000 మే 12న న్యూ హాంప్‌షైర్‌లో ప్రాక్టీస్‌లో గోడకి గుద్దుకుని పోయాడు, 19 ఏళ్లు. తొమ్మిది నెలలకి, 2001 ఫిబ్రవరిలో, ఈ ఆటలో పెద్ద స్టార్ డేల్ ఎర్న్‌హార్ట్ డేటోనాలో పోయాడు. అప్పుడు గానీ మెడని పట్టుకునే హాన్స్ పరికరం తప్పనిసరి కాలేదు, దెబ్బని పీల్చుకునే సేఫర్ గోడలు రాలేదు. ఎర్న్‌హార్ట్ తర్వాత 2025 సీజన్ చివరి దాకా మూడు పెద్ద సిరీస్‌ల్లో ట్రాక్ మీద ఏ డ్రైవర్ ప్రాణమూ పోలేదు. ఇవాళ 19 ఏళ్ల వాడు ధైర్యంగా లోపలికి దూరుతున్నాడంటే ఆ కుటుంబాలు పడ్డ దుఃఖం వెనక ఉంది, ఇది ఈ కుర్రాళ్ళు తెలుసుకోవాలని నా కోరిక.

ఇప్పుడు టైమ్ సంగతి. జోయీ లోగానో 2009లో న్యూ హాంప్‌షైర్‌లో 19 ఏళ్ల 35 రోజుల వయసులో కప్ రేసు గెలిచాడు, ఆ రికార్డు నాకు తెలిసి ఇంకా అతనిదే. పువ్వు పుట్టగానే పరిమళిస్తుంది అంటాం కదా, అందరూ అలాగే అనుకున్నారు. తీరా చూస్తే గిబ్స్ టీమ్‌లో నాలుగేళ్లలో రెండే గెలుపులు, అతని పని అయిపోయిందన్నారు. 2013లో పెన్స్కీ తీసుకుంది, ఓపిక పట్టింది, 2018, 2022, 2024, మూడు టైటిళ్లు. ట్రెవర్ బేన్ 2011లో ఇరవయ్యో పుట్టినరోజు మర్నాడే డేటోనా 500 గెలిచాడు, అంత చిన్న వయసులో అది గెలిచినవాడు లేడు. ఆ ఏడాది అతనికి పూర్తి సీజన్ సీటే లేదు, కప్‌లో పూర్తి సీజన్ దొరికేసరికి 2015 వచ్చింది, అప్పటికి ఆ టీమ్‌కి పాత జోరు లేదు, ఇంకో గెలుపు రాలేదు. లోగానోకీ బేన్‌కీ టాలెంట్‌లో అంత తేడా ఉందని నేను నమ్మను. బైరన్‌ని చూడండి, 2018లో కప్‌లో మొదటి సీజన్‌లో ఒక్క టాప్ ఫైవ్ కూడా లేదు, హెండ్రిక్ వాళ్ళు తీసెయ్యలేదు, మూడో ఏడాదికి డేటోనాలో మొదటి గెలుపు వచ్చింది.

2026లో జిలిష్ ట్రాక్‌హౌస్ 88 నంబర్ కారులో కప్‌కి వచ్చాడు. 10 రేసులు గెలిచి వచ్చాడు కదా అని ప్రతి వారం గెలవమంటే అన్యాయం. ఆ కారు వేరు, పక్కనున్న వాళ్ళు వేరు, ఇరవై ఏళ్లుగా ఒకే ట్రాక్ మీద తిరిగినవాళ్ళు ఉన్నారు. ఇరవయ్యో స్థానంలో వస్తే వెంటనే ఫోన్ తీసి వాడి పని అయిపోయిందని టైప్ చెయ్యకండి, మూడేళ్లు చూడండి. నేనైతే చూస్తాను.

లెజెండ్స్ రేసులకి టికెట్ కొనుక్కుని ఎవరైనా వెళ్లొచ్చు, పిల్లలకి చెవులకి పెట్టుకునేవి తప్పకుండా తీసుకెళ్ళండి, చప్పుడు చాలా ఉంటుంది. ఇక ప్రశ్నలు అడగండి, ముందు పిల్లల్ని అడగనివ్వండి.