ఎండకాలంల పటం గుడ్డ తయారీ, వంటింటితోని కలిసి నడిచే బొమ్మల పని

నమస్తే అందరికీ. మాది హన్మకొండ. ఈ వీడియోల బొమ్మ గీసుడు చూపిస్తలేను. బొమ్మ కింద ఉండే గుడ్డను ఇంట్లనే ఎట్ల తయారు చేసుకోవాలె, ఆ పనిని వంటతోని, బొమ్మలు పెట్టే షోలతోని ఎట్ల కలుపుకోవాలె, అది చెప్త. ఇంటి పని చేసుకుంట బొమ్మలకు టైమ్ ఎట్ల దొరుకుతదని అడిగేటోళ్లు మస్తుమంది. రెండింటికి వేరే వేరే టైమ్ వెతుక్కుంటే నిజంగనే దొరకది. నేను రెండింటికి ఒక్కటే క్యాలెండర్ పెట్టుకున్న. ఏ కాలంల వంటింట్ల ఏ పని నడుస్తదో, బొమ్మల పని గూడ దాని ఎంబడే నడుస్తది.

చేర్యాల పటాలు మీకు తెలిసే ఉంటయి. 2016ల జిల్లాలు మారకముందు చేర్యాల మన వరంగల్ జిల్లాలనే ఉండె, ఇప్పుడు సిద్దిపేటల ఉన్నది. అక్కడి నకాశీ కళాకారులు మార్కండేయ పురాణం, జాంబ పురాణం లాంటి కులకథలను పొడుగాటి గుడ్డ మీద వరుసగ గీసిస్తే, కథ చెప్పేటోళ్లు ఊరూరికి తీస్కపోయి, పటం విప్పుకుంట పాడేటోళ్లు. ఆ గుడ్డకు పట్టేవి ఏందంటే గంజి, చింతగింజల జిగురు, తుమ్మజిగురు, సుద్దమట్టి. నాలుగిట్ల రెండు వంటింట్లకెల్లి వచ్చినయే.

ఇగ పనిలకు పోదాం.

కొత్త చింతపండు ఎండలు ముదిరేటప్పుడు వస్తది. ఇంట్ల ఏడాదికి సరిపోయేంత తెచ్చి, గింజ తీసి, ఉప్పేసి జాడీల ఒత్తి పెట్టుకుంటం గద. ఆ గింజలు పారెయ్యకుండ్రి. మూకుడుల సన్నమంట మీద వేయించుండ్రి. టపటప మంటయి, నల్ల పొట్టు పగులుతది. అప్పుడు దించి, రోట్ల మెల్లగ దంచి, చాటల చెరిగితే పొట్టంత పోయి లోపలి తెల్లపప్పు మిగులుతది. పప్పు మాడద్దు. మాడితే జిగట తగ్గుతది, రంగు గూడ నల్లబడ్తది. ఆ పప్పును రాత్రంత నీళ్లల నానబెట్టి, పొద్దున మెత్తగ రుబ్బుండ్రి.

(గిన్నె దగ్గరి నుంచి చూపించాలె.)

ఇది చూడుండ్రి. రుబ్బినదానికి నాలుగింతల నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టిన. గంటె ఆపద్దు, ఆపితే అడుగంటి ఉండలు కడ్తది. మొదట్ల పలచటి పాల లెక్క ఉంటది. కొంచెం సేపటికి అంచుల పొంటి మెరుపు వస్తది, గంటె బరువైతది. ఇప్పుడు ఒక చుక్క ప్లేట్ల వేసి, చల్లారినంక రెండు వేళ్ల నడుమ పట్టి సాగదీస్తున్న. సన్న తీగ లేస్తున్నది చూసిండ్రా? ఇది సరైన పదును. తీగ లేవకుంటే ఇంకొంచెం ఉడకాలె. ముద్దలెక్క తెగిపోతే వేడినీళ్లు కలపాలె. దించి, పలచటి బట్టల వడగట్టుండ్రి. ఎండకాలం ఈ జిగురు మర్నాటికే పులుస్తది, అందుకే ఆ పూటకు కావల్సినంతనే చేసుకోవాలె.

గుడ్డ ఖద్దరే తీసుకోండ్రి. దాన్ని ఉడుకునీళ్లల వేసి, ఉతికి, మిల్లుల పెట్టిన గంజి మొత్తం పోగొట్టాలె. తర్వాత మన అన్నం వార్చిన గంజిల ముంచి, పిండి, బల్ల మీద పరిచి, ముడతలు లేకుంట చేత్తోని సాపు చెయ్యాలె. ఎసరు పెట్టి అన్నం వండే ఇంట్ల గంజికి కొదువ లేదు. కుక్కర్ల వండేటోళ్లు ఆ ఒక్కనాడు వార్చుకోండ్రి.

గంజి ఆరినంక పూత. మెత్తగ జల్లించిన సుద్దమట్టిల చింతగింజల జిగురు పోసి, ముందురాత్రి నానబెట్టిన తుమ్మజిగురు నీళ్లు కలిపి, దోశపిండి కన్న పలచగ చేసుకోవాలె. మూడు పూతలు పడాలె. మందంగ ఒక్కటే పూత వేస్తే చుట్టినప్పుడు పగుళ్లు వస్తయి, అందుకే పలచగ మూడుసార్లు. ఒక పూత పూర్తిగ ఎండినంకనే ఇంకో పూత. ఆఖరుకు నున్నటి రాయి తీసుకొని గుడ్డంత రుద్దుండ్రి. అరచెయ్యి పెట్టి చూస్తే గరుకు తగలద్దు.

మేల మన దగ్గర ఎండ ఎట్ల కొడ్తదో తెల్సు గద. పొద్దుగాల మేడ మీద వేసిన పూత పగటికల్ల ఎండుతది. అదే మేడ మీద వడియాలు, సల్ల మిరపకాయలు గూడ ఉంటయి. వడియాలు తిప్పనీకి ఎట్లయిన పైకి పోవాలె, పోయినప్పుడే పూత చూసుకొని వస్త. మామిడికాయ తొక్కు పెట్టే రోజులు మాత్రం వేరేగ ఉంచుకుంట. కారం, నూనె ఉన్న చేతులు తెల్లగుడ్డకు తగిలితే ఆ మరక మళ్ల పోదు. ఏడాదికి సరిపోయే గుడ్డంత మృగశిర కార్తెలోపల చుట్టి పెట్టుకుంట. వానలు పడ్డంక పూత సరిగ ఎండది, బూజు పడ్తది.

ఒక ముఖ్యమైన మాట. సుద్ద కలిపిన గిన్నె, బ్రష్‌లు కడిగిన చెంబు మళ్ల వంటింట్లకు రావద్దు. పాత పద్ధతిల ఎరుపుకు ఇంగిలీకం, పసుపుకు హరిదళం వాడిండ్రు. ఇంగిలీకంల పాదరసం ఉంటది, హరిదళంల ఆర్సెనిక్ ఉంటది. పిల్లలున్న ఇంట్ల, వంటపొయ్యి పక్కన అవి నూరే పని అస్సలు పెట్టుకోవద్దు. ఎరుపుకు గడపలకు, అరుగులకు పూసే జాజు చాలు. నలుపుకు దీపం మసి. బ్రష్ కొస నోట్లె పెట్టి సన్నం చేసే అలవాటుంటే, రంగు ఏదైన సరే, ఇయ్యాల్నే మానుండ్రి.

వానకాలం గురించి చెప్పడానికి పెద్దగ లేదు. కూసొని గీసుకునే కాలం అది. బోడకాకర కూర, మక్క గారెలు చేసుకునుడు, కిటికీ పక్కన కూసొని గీసుడు, అంతే.

బతుకమ్మ వచ్చిందంటే షోలు మొదలైతయి. ఎంగిలిపూల నాడు వెయ్యిస్తంభాల గుడి కాడ, సద్దుల నాడు పద్మాక్షి గుండం కాడ జనం ఎట్ల నిండుతరో చూసినోళ్లకు చెప్పే పని లేదు. ఆ తొమ్మిది రోజుల నేను స్టాల్ పెట్టను. అవి బతుకమ్మ పేర్చుకునే రోజులు, ఆడుకునే రోజులు. దసరా దాటినంక కాలేజీలల్ల, కాలనీలల్ల చిన్న చిన్న ఎగ్జిబిషన్లు పెడ్తరు. వాటికి పోత. సద్దుల నాడు చేసిన వంటే షోలకు పనికొస్తది. చింతపండు పులిహోర, నువ్వుల సద్ది, మలీద ముద్దలు డబ్బల పెట్టుకపోతే పొద్దుందాక పాడుకావు, బయట తిండి వెతుక్కునే పని ఉండది. చెంచ మర్చిపోకుండ్రి. నూనె చేతితోని బొమ్మ ముట్టుకుంటే ఖద్దరు పీల్చుకుంటది.

స్టాల్ల చిన్న బొమ్మలే ఎక్కువ పోతయి. అయినా ఒక పొడుగు పటం తప్పకుండ తీస్కపోండ్రి. దాన్ని అమ్మనీకి కాదు, పైకెల్లి కిందికి విప్పుకుంట కథ చెప్పనీకి. పటం అసలు పుట్టిందే కథ చెప్పనీకి గద. కథ ఇన్నోళ్లు నిలబడ్తరు, ప్రశ్నలు అడుగుతరు, కొందరు "మా తాత ఇంట్ల ఇసొంటిది ఉండె" అంటరు. ఆ మాటకోసమే నేను స్టాల్ పెడ్త. ఇంకోటి, చేర్యాల బొమ్మలకు జీఐ గుర్తింపు, అంటే ఆ పేరు ఆ ఊరి పనికే చెందుతదని సర్కారు ఇచ్చే గుర్తింపు, ఉన్నది. మనం ఆ పద్ధతి చూసి నేర్చుకున్నోళ్లం, అందుకే ధర చీటీ మీద "చేర్యాల పటం" అని రాయద్దు. "ఆ పద్ధతిల నేను గీసిన బొమ్మ" అని రాయుండ్రి. ఆ పేరు తరతరాలుగ దాన్ని బతికించుకున్న కుటుంబాలది.

సంక్రాంతికి సకినాలు. కొత్తబియ్యం నానబెట్టి, పిండి పట్టించి, నువ్వులు, వాము, ఉప్పు కలిపి, తెల్లబట్ట మీద వేళ్లతోని పిండిని మెలివేసుకుంట చుట్లు చుట్లుగ తిప్పుతం. మణికట్టు బిగబట్టకుంట, పిండిని తెంపకుంట ఒక్కతీరు మందంతోని తిప్పుడు వచ్చినోళ్లకు, పటం అంచుల తీగలు గీసుడు తొందరగ వస్తది. గీత వణుకుతున్నదని నన్ను అడిగేటోళ్లకు మొదలు ఇదే చెప్త. నాలుగు ఇండ్లోళ్లు కలిసి కూసొని చేసే పని గాబట్టి చెయ్యి సుత అలవోకగ ఆడుతది. అదే పండుగకు ఐనవోలు మల్లన్న జాతర. పోయినోళ్లు అక్కడ రంగు పొడులతోని వేసే పట్నం అనే పెద్ద ముగ్గు దగ్గర నిలబడి చూడుండ్రి, ఏ రంగు పక్కన ఏ రంగు పడుతున్నదో.

గుడ్డ తయారైనోళ్లు దాన్ని మడతపెట్టకుండ్రి, పూత బయటివైపుకు వచ్చేటట్టు గొట్టానికి చుట్టి పెట్టుండ్రి. వచ్చే వీడియోల దాని మీద ఎర్రనేల, అంటే బొమ్మల ఎనక ఉండే ఎర్ర రంగు, నింపుడు చూపిస్త. జాజు తెచ్చి, నానబెట్టి, రెండుసార్లు వడగట్టి ఉంచుకోండ్రి.