ఉలుకూ పలుకూ లేకుండా బిగుసుకుపోయే లైనక్స్ డెస్క్‌టాప్

హోస్ట్: అందరికీ నమస్తే. ఈ ఎపిసోడ్ నా సొంత బాధ గురించే. నా లైనక్స్ డెస్క్‌టాప్ నెల రోజుల పాటు ఉన్నట్టుండి హ్యాంగ్ అయిపోతూ వచ్చింది. స్క్రీన్ మీద అన్నీ అలాగే ఉంటాయి, గడియారం మాత్రం 11.42 దగ్గర ఆగిపోయి ఉంటుంది, మౌస్ కదిపినా కీబోర్డు నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు. మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను, కెర్నల్, అంటే లైనక్స్‌కి గుండెలాంటి మూల ప్రోగ్రామ్, అదీ మార్చాను, కొత్త ర్యామ్ కొనబోతుంటే మా అక్క ఆపింది. ఏళ్ల తరబడి లైనక్స్ సర్వర్లు చూసుకునే మనిషి, అందుకే ఇవాళ మైకు ముందు కూర్చోబెట్టాను.

అక్క: ర్యామ్ పోయిందని నీకెవరు చెప్పారు? ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి రాత్రంతా నడిపితే పైసా ఖర్చు లేకుండా తెలుస్తుంది. ఒక్క ఎర్రర్ వచ్చినా సరే, అప్పుడు ర్యామ్‌ని అనుమానించు.

హోస్ట్: నడిపాను, ఒక్కటీ రాలేదు.

అక్క: సరే, హ్యాంగ్ అవగానే ఏం చేస్తున్నావు?

హోస్ట్: పవర్ బటన్ నొక్కి పట్టుకుంటున్నాను.

అక్క: అందరూ అదే చేస్తారు, దాంతో ఉన్న ఆధారం కాస్తా పోతుంది. అసలు ఎంత వరకు చచ్చిందో ముందు చూడాలి. క్యాప్స్‌లాక్ నొక్కు, లైటు మారిందంటే కెర్నల్ బతికే ఉందన్నమాట, మారనంత మాత్రాన చచ్చిందని మాత్రం అనుకోకు. తర్వాత కంట్రోల్ ఆల్ట్ ఎఫ్3 నొక్కు, అక్షరాలతో ఉండే టెర్మినల్ తెర రావాలి. అదీ రాకపోతే ఫోన్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్ చేసి, అంటే నెట్‌వర్క్ మీదుగా లాగిన్ అయి చూడు, దానికి ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ ముందే పెట్టుకుని ఉండాలి. లోపలికి వెళ్లగలిగావంటే సిస్టమ్ బతికే ఉంది, గ్రాఫిక్స్ డ్రైవరో డెస్క్‌టాపో పడిపోయింది, అక్కడే డీమెసేజ్ కమాండ్‌తో కెర్నల్ రాసిన సందేశాలు చదువుకోవచ్చు.

హోస్ట్: ఎస్‌ఎస్‌హెచ్‌తో కూడా లోపలికి వెళ్లలేకపోయాను. ఆల్ట్, ప్రింట్‌స్క్రీన్ పట్టుకుని అక్షరాలు నొక్కి కెర్నల్‌కే నేరుగా ఆదేశాలిచ్చే పద్ధతి ఉంది కదా, అదీ చేశాను, పని చేయలేదు.

అక్క: ఉబుంటులో ఆ అక్షరాల్లో ఏవి పని చేయాలో చెప్పే సెట్టింగ్ మామూలుగా 176 ఉంటుంది. అంటే ముఖ్యంగా ఎస్, యు, బి పని చేస్తాయి, డిస్కుకు రాసెయ్, రీడ్ ఓన్లీ చెయ్, రీబూట్ చెయ్ అని. ఆ సెట్టింగ్ పేరు కెర్నల్ డాట్ సిస్‌ఆర్‌క్యూ, దాని విలువ 1 చేస్తే అన్నీ వస్తాయి. అందులో ఎఫ్ నొక్కితే ఎక్కువ మెమరీ తినేస్తున్న ప్రోగ్రామ్‌ని కెర్నలే చంపేస్తుంది. నీకు ఎస్, యు, బి కూడా పలకలేదంటే కెర్నలే బిగుసుకుపోయిందని గట్టి అనుమానం.

హోస్ట్: లాగ్ కూడా చూశానక్కా. రీబూట్ అయ్యాక జర్నల్‌సీటీఎల్ మైనస్ బి మైనస్ 1 కొడితే ముందటి బూట్‌ది వచ్చింది. చివర్లో ఏదో మామూలు టైమర్ లైను, ఆ తర్వాత ఏమీ లేదు. అక్కడే నాకు ఓపిక పోయింది.

అక్క: నాకైతే అక్కడే ఆసక్తి మొదలైంది. డ్రైవర్ తప్పయితే చాలాసార్లు ఏదో ఒక ఎర్రర్ రాసి పోతుంది. ఒక్క ముక్క కూడా రాయలేకపోయిందంటే అంతా ఒక్క క్షణంలో ఆగిపోయింది, లేదా రాయాల్సిన డిస్కే చేజారింది. డిస్కు ఆరోగ్యం చూపించే స్మార్ట్‌సీటీఎల్‌లో నీ డిస్కు బాగానే ఉంది. అందుకే అడుగుతున్నాను, ఏ పని చేస్తుంటే ఆగుతోంది?

హోస్ట్: గంటసేపు వీడియో ఎక్స్‌పోర్ట్ చేసినా ఏమీ కాదు, ఫ్యాన్లు హోరుమంటున్నా నడుస్తుంది. టీ తాగి వచ్చేసరికి మాత్రం ఆగిపోయి ఉంటుంది.

అక్క: నాకు కావాల్సింది ఆ మాటే. పని లేనప్పుడు ప్రాసెసర్ కోర్‌లు నిద్రపోతాయి, ఆ నిద్ర స్థాయిలనే సీ-స్టేట్‌లు అంటారు. నిద్ర ఎంత లోతైతే కరెంటు అంత తక్కువ లాగుతాయి. ఆ లోతుకు దిగేటప్పుడో పైకి లేచేటప్పుడో తేడా వస్తే సిస్టమ్ మొత్తం గడ్డకట్టేస్తుంది. ఇంటెల్ బే ట్రెయిల్ చిప్‌లతో ఇలాంటి పేచీయే ఏళ్లపాటు నడిచింది, కెర్నల్ లోపాలు నమోదు చేసే బగ్‌జిల్లా సైట్‌లో 109051 నంబరు బగ్ అది. ఇంకో కారణం, కొన్ని పాత పవర్ సప్లైలు అంత తక్కువ లోడ్‌ని తట్టుకోలేవు, కొన్ని బోర్డుల బయోస్‌లో దానికోసమే పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్ అని ఆప్షన్ ఉంటుంది.

హోస్ట్: ఎలా చూడాలో కూడా చెప్పు, వినేవాళ్లకి పనికొస్తుంది.

అక్క: కంప్యూటర్ ఆన్ అవగానే వచ్చే గ్రబ్ అనే బూట్ మెనూలో ‘ఈ’ అక్షరం నొక్కు. లైనక్స్ అనే మాటతో మొదలయ్యే పొడుగాటి లైను ఉంటుంది, దాని చివర ఒక స్పేస్ ఇచ్చి ప్రాసెసర్ డాట్ మ్యాక్స్ అండర్‌స్కోర్ సీస్టేట్ ఈక్వల్స్ 1 అని రాసి కంట్రోల్ ఎక్స్ కొట్టు. ఇంటెల్ అయితే ప్రాసెసర్ బదులు ఇంటెల్ అండర్‌స్కోర్ ఐడిల్ అని మొదలుపెట్టాలి. దాంతో కోర్‌లు లోతైన నిద్రలోకి దిగవు. అది ఆ ఒక్క బూట్‌కే, ఏమీ పాడవదు. అదొక్కటే మార్చు, ఇంకేదీ ముట్టుకోకు, లేకపోతే దేనివల్ల బాగైందో జన్మలో తెలీదు.

హోస్ట్: తొమ్మిది రోజులైంది, ఒక్కసారి కూడా ఆగలేదు. అంతకుముందు రోజుకి రెండుసార్లు ఆగేది.

అక్క: కరెంటు కొంచెం ఎక్కువ లాగుతుంది, కాస్త వేడెక్కుతుంది. ఇంకోటి, అందరి హ్యాంగూ ఇలాంటిది కాదు. డిస్కు లైటు ఆపకుండా వెలుగుతూ పాయింటర్ కుంటుకుంటూ కదులుతోందంటే మెమరీ నిండిపోయి స్వాప్‌లో, అంటే మెమరీ బదులు వాడే డిస్కు భాగంలో, నలుగుతోందని అర్థం. అలాంటివాళ్లు ఎర్లీ ఊమ్ వేసుకోండి, పూర్తిగా మునిగిపోకముందే ఒక ప్రోగ్రామ్‌ని ఆపేస్తుంది. ఫెడోరా 34 నుంచి సిస్టమ్‌డీ ఊమ్‌డీ ఆ పనే చేస్తోంది.

హోస్ట్: మరి నా పవర్ సప్లై మార్చేయనా?

అక్క: అప్పుడే కొనకు. నా దగ్గర ఒకటి ఖాళీగా ఉంది, ఆదివారం తెస్తాను. అది పెట్టి, ఆ గ్రబ్ మాట తీసేసి, వారం రోజులు సిస్టమ్‌ని ఊరికే అలా వదిలెయ్. ఆగకపోతే తప్పు నీ పాత పవర్ సప్లైదే. ఆగితే మళ్లీ ఫోన్ చెయ్, ఎన్ని గంటలకు ఆగిందో మాత్రం రాసి పెట్టుకో.